మేస్త్రి ఎత్తు వేసేదాకా

మూడో గుహ, నీళ్ళు–గాలి విభాగం దినచర్య పుస్తకం. రాస్తున్నది హైమావతి.

212వ రోజు

ఉదయం ఏడింటికి మీటర్లు చూశాను. పెద్ద ట్యాంకు నిండుగా ఉంది. పైపుల్లో మాత్రం ధార లేదు. తోటకూర మడులకు చేరాల్సిన నీళ్ళు సగమే చేరాయి. స్నానాల గదుల దగ్గర, ఒంటి మీద సబ్బు ఆరిపోతున్న ఏడుగురు నన్ను చూసి ఒకేసారి మాట్లాడారు. వాళ్ళన్న మాటలు ఈ పుస్తకంలో రాసేవి కావు.

పంపులు విప్పి చూశాను, లోపమేమీ లేదు. వాటికి తిరగమని చెప్పేది మేస్త్రి. ఈ గుహలో గాలి, నీళ్ళు, దీపాలు, తలుపులు, అన్నీ నడిపే కంప్యూటరు పేరది. గుహ తవ్విన మొదటి తరం వాళ్ళు పెట్టిన పేరు. చంద్రుడి మీద, ముప్ఫై మీటర్ల రాతి కింద, నూట ఎనభై మూడు మందిమి పొద్దున్నే లేచి ఆవలించగలుగుతున్నామంటే దాని చలవే.

"మేస్త్రీ, రెండో పంపు ఎందుకంత నెమ్మదిగా తిరుగుతోంది?"

మామూలుగా అయితే నేను అడగడం పూర్తవకముందే జవాబొస్తుంది. ఇవాళ నాలుగు నిమిషాలు పట్టింది.

"ఆలోచిస్తున్నానండీ."

"దేని గురించి?"

ఇంకో నాలుగు నిమిషాలు.

"పని గురించండీ."

అందరికీ మధ్యాహ్న భోజనం రెండున్నరకు అందింది. పాలకూర మడిలో నాలుగు వరసలు వాడిపోయాయి. కారణం తెలియలేదని రాసి సంతకం పెట్టాను.

213వ రోజు

కారణం తెలిసింది. కారణం వంటగదిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

మంగతాయారు పిన్నిగారు మా గుహకు పెద్ద వంటమనిషి. డెబ్బై ఒక్కేళ్ళు. గుహలో సగం మందికి ఆవిడ చేతి మీదే అన్నప్రాశన జరిగింది కాబట్టి వరసతో సంబంధం లేకుండా అందరికీ పిన్నే. ఆవిడకు ఒకటే వ్యసనం, కాలవ–గట్టు ఆట.

చాలా చిన్న ఆట అది. పలక మీద తేనెపట్టులాంటి ఆరు మూలల గళ్ళు ఉంటాయి. ఒకరివి నీలం మూతలు, ఇంకొకరివి గోధుమరంగు మూతలు. వంతుకో మూత ఖాళీ గడిలో పెట్టాలి. పెట్టాక కదపకూడదు. నీలం వాళ్ళు తూర్పు అంచు నుంచి పడమర అంచు దాకా తెగకుండా కాలవ తవ్వాలి. గోధుమ వాళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి గట్టు వెయ్యాలి. గట్టు పూర్తయితే కాలవ ఆగిపోయినట్టే, కాలవ పారితే గట్టు తెగినట్టే. ఎవరో ఒకరు గెలిచి తీరాలి. ఐదేళ్ళ పిల్లకు రెండు నిమిషాల్లో నేర్పవచ్చు. పిన్నిగారు అరవై ఏళ్ళుగా ఆడుతూ ఇంకా నేర్చుకుంటున్నానంటారు.

గుహలో ఆవిడతో ఆడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందరినీ ఓడించేశారు. అందుకని మూడేళ్ళ క్రితం మేస్త్రికి నేర్పారు. పదకొండు వరసల పలక మీద మేస్త్రి మొదటి ఎత్తు నుంచే చివరిదాకా చూడగలదు. మూడేళ్ళు రోజుకో ఆట. పిన్నిగారు ఒక్కటీ గెలవలేదు.

"మరి ఇప్పుడేమైంది పిన్నిగారూ?"

"ఏమవుద్ది? చిన్న పలక మీద వాడికి అన్నీ కనపడిపోతన్నాయి. అందుకని పలక మార్చా."

"ఏ పలక?"

ఆవిడ గరిటెతో భోజనశాల వైపు చూపించారు.

మా భోజనశాల నేల నిండా ఆరు మూలల రాతి పలకలే. నలభై మూడు వరసలు, వరసకు నలభై మూడు. వాటి మీద అక్కడక్కడా నీలం మూతలు, గోధుమ మూతలు. మొన్నటి నుంచి అందరం వాటిని చూస్తూనే ఉన్నాం. ఎవరో శుభ్రం చెయ్యడం మరిచిపోయారనుకున్నాం.

"ఇంత పెద్ద పలక మీద మేస్త్రికి చివరిదాకా కనపడదు కదా," అన్నాను.

"కనపడదు," అన్నారు పిన్నిగారు. మూడేళ్ళలో ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "అందుకే ఆలోచిస్తన్నాడు."

215వ రోజు

నిన్న ఒక ఎత్తుకు మేస్త్రి తొమ్మిది గంటలు తీసుకుంది. పంపులకు, దీపాలకు వాడాల్సిన బుర్రంతా ఆటకే పెట్టింది. తలుపులు పిలిచిన చాలాసేపటికి తెరుచుకుంటున్నాయి. బట్టలుతికే గదిలో యంత్రం ఒకే చొక్కాను ఐదుసార్లు ఉతికింది. చొక్కా ఇప్పుడు చాలా తెల్లగా, చాలా పలచగా ఉంది.

భోజనానికి వచ్చినవాళ్ళు మూతల మీద కాలు పడకుండా కంచాలు పట్టుకుని గెంతుతున్నారు. ఇక్కడ బరువు ఆరో వంతే కాబట్టి ఒక్క గెంతుకు ఐదారు పలకలు దాటవచ్చు. సాంబారు మాత్రం మనతో పాటు దిగదు, తీరిగ్గా తరవాత వస్తుంది.

గుహ సంఘం పెద్ద వరాహమూర్తి గారు గెంతరు. పదవికి తగినట్టు నెమ్మదిగా అడుగు తీసి అడుగు వేసే మనిషి. ఇవాళ ఆ అడుగు నీలం మూత మీద పడింది. ఆయన పైకి లేచారు. పెరుగన్నం ఇంకోవైపు లేచింది. రెండూ కిందికి రావడానికి పట్టిన సమయంలో ఎవరో కుర్చీ కూడా పక్కకు జరిపారు. ఒంటికి దెబ్బేమీ తగల్లేదు. పరువు సంగతి వేరు.

"ఈ మూతలన్నీ ఇప్పుడే ఊడ్చెయ్యండి!" అని అరిచారాయన, మీసం మీది పెరుగు తుడుచుకుంటూ.

పిన్నిగారు వంటగది గుమ్మంలోకి వచ్చారు. "ఊడ్చుకోండి. ఊడ్చినోళ్ళే రేపట్నించి వంట కూడా చేసుకోండి."

ఎవరూ చీపురు ముట్టుకోలేదు.

పైనుంచి మేస్త్రి మర్యాదగా అంది. "ఊడ్చినా ఫరవాలేదండీ. ఏ మూత ఎక్కడుందో నాకు గుర్తుంది."

వరాహమూర్తి గారు నావైపు తిరిగారు. "హైమావతీ, దీన్ని ఒకసారి ఆపి మళ్ళీ లేపితే పోదూ?"

"లేవడానికి ఆరు గంటలు పడుతుందండీ. అది పడుకుంటే గాలి నాలుగు గంటలే ఉంటుంది."

"రెండు గంటలు ఊపిరి బిగబడదాం," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గాలి మీటరు చూసేది నేను.

216వ రోజు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పుస్తకం ఉన్నదే దీనికి.

తప్పు నాది.

మేస్త్రితో కొత్త ఆట పెట్టుకుంటానని పిన్నిగారు పదిరోజుల క్రితం అడిగారు. ఎక్కడో, ఎంత పలక మీదో నేను కనుక్కోలేదు. మేస్త్రికి ఏ కొత్త పని అప్పగించినా ఒక పత్రం నింపాలి. అందులో మూడే పద్దులు: గాలి, నీళ్ళు, తిండి. ఆటకు పద్దు లేదు; చిన్న పలక ఆటకు మేస్త్రికి బుర్రే అక్కర్లేదు కాబట్టి ఇన్నాళ్ళూ పత్రం అవసరం రాలేదు. అడిగింది వంటావిడే కదా అని నవ్వుకుని, తిండి కింద గీత గీసి సంతకం పెట్టాను. పత్రం చదవడానికి నాకు పట్టిన సమయం, నవ్వడానికి పట్టిన దానికంటే తక్కువ.

అంటే మేస్త్రి దృష్టిలో ఈ ఆట గుహ తిండి. ఓడిపోతే తిండి తప్పినట్టు. అందుకే పంపుల నుంచి, దీపాల నుంచి బుర్ర లాక్కుని మరీ ఆలోచిస్తోంది. మొదలైన పని ముగిసేదాకా పద్దు మార్చడానికి వీల్లేదు. గుహను తవ్వుతూ మధ్యలో ఆగిపోకుండా ఆనాటి వాళ్ళు పెట్టిన కట్టుబాటు అది.

పిన్నిగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. "మీరు ఓడిపోయానని ఒప్పుకుంటే ఆట ముగిసిపోతుంది."

ఆవిడ చేతిలోని పిండి ముద్దను పక్కన పెట్టారు. "నేను ఓడిపోలేదే."

"తెలుసు పిన్నిగారూ."

"గెలుస్తన్నానే అమ్మాయ్! మధ్యలో ఆ సందు ఒక్కటీ పూడిస్తే నా కాలవ పారుద్ది. రెండ్రోజుల్నించీ చూస్తన్నా. మూడేళ్ళు... మూడేళ్ళు హైమా!"

ఆవిడ కాసేపు పిండి వైపే చూసి, చేతులు కడుక్కుని, భోజనశాలలోకి వెళ్ళి పైకి చూశారు.

"మేస్త్రీ, నేను ఓడిపోయాను."

రెండు నిమిషాలు గడిచాయి.

"లేదండీ. పరిశీలించాను. గెలిచే అవకాశం మీకే ఎక్కువ. తిండి పద్దులో అబద్ధం రాయకూడదండీ."

పిన్నిగారు నావైపు తిరిగారు. బాధపడాలో సంతోషపడాలో ఆవిడకే తెలియడం లేదు. "విన్నావా? నేనే గెలుస్తన్నానంట."

218వ రోజు

ఉదయం పదకొండు ఇరవైకి మంచు తవ్వే జట్టు తిరిగొచ్చింది. ముగ్గురు. జట్టు పెద్ద షకీలా నా గది పంచుకునే మనిషి, పన్నెండేళ్ళ స్నేహం. వాళ్ళు బయటి తలుపు దగ్గర బండి ఆపి మేస్త్రిని పిలిచారు.

"ఆలోచిస్తున్నానండీ," అంది మేస్త్రి.

బయటి తలుపు తెరవాలంటే లోపలి గాలి ఒత్తిడి చూసి మేస్త్రే తెరవాలి. చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంది. కానీ మేస్త్రిని ఒకసారి పిలిచాక అది బిగుసుకుంటుంది. ఇద్దరు లోపలి తలుపూ, బయటి తలుపూ ఒకేసారి తెరిస్తే గుహలో గాలంతా బయటికి పోతుందని అలా చేశారు. నేను, ఇంకో నలుగురం కలిసి చక్రానికి వేలాడాం. కదల్లేదు.

రేడియోలో షకీలా గొంతు మామూలుగానే ఉంది. "హైమా, మా దగ్గర యాభై నిమిషాల గాలుంది. ఏంటి ఆలస్యం?"

"మేస్త్రి ఆడుతోంది."

"ఇంకా ఆ ఆటేనా?"

"ఇంకా ఆ ఆటే."

"సరే. బండి మీద కూర్చుంటాం. కదలకుండా ఉంటే గాలి కాస్త ఎక్కువసేపు వస్తుంది. త్వరగా చూడు."

నేను మేస్త్రిని అడిగాను. "తలుపు దగ్గర ముగ్గురున్నారు. తెలుసా?"

మూడు నిమిషాలు.

"తెలుసండీ. ముగ్గురు. తిండి పని తప్పితే నూట ఎనభై మూడు మంది. అది ముందు."

భోజనశాలలోకి పరుగెత్తాను. నా జీవితంలో అంత ఎత్తు గెంతి ఎరగను, తల కప్పుకు తగిలింది. పిన్నిగారు నేల మీద మధ్య సందు దగ్గరే కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నీలం మూత. వంతు ఆవిడదే. ఆవిడ ఏ గడిలో పెడితే ఏమవుతుందోనని మేస్త్రి అన్ని గళ్ళూ ముందే ఆలోచిస్తోంది. తలుపు సంగతి చెప్పాను. ఆవిడ ముఖం తెల్లబోయింది.

"షకీలానా? ఇంకా ఎంతసేపుంది?"

"నలభై నిమిషాలు."

వరాహమూర్తి గారు కూడా వచ్చారు. ఇవాళ ఆయనా గెంతుతూనే వచ్చారు. "ఆ సందులో పెట్టి గెలిచెయ్యండమ్మా! గెలిస్తే అయిపోతుందిగా!"

"గెలవడానికి ఇంకా పాతిక ఎత్తులన్నా పడుద్ది మూర్తిగారూ. ఎత్తుకి వీడు తొమ్మిదేసి గంటలు ఆలోచిస్తే?"

పిన్నిగారు సందు వైపు ఇంకోసారి చూశారు. మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచారు. చేతులు కడుక్కునే తొట్టి దాకా, ఆ మూల దాకా నడిచారు. అక్కడ ఒక్క మూత కూడా లేదు, ఎందుకూ పనికిరాని చోటు. ఒంగి నీలం మూతను ఆ మూల పలక మీద పెట్టారు.

"నా ఎత్తు అదీ," అన్నారు.

దీపాలు ఒకసారి మినుకుమన్నాయి. ఈసారి జవాబు ఒక్క నిమిషంలోనే వచ్చింది.

"ఈ ఎత్తు వల్ల మీ కాలవ తెగుతుందండీ. మీరు ఓడిపోతారు."

"అబద్ధమా?"

"కాదండీ. నిజం. ఎందుకు వేశారు?"

"ఊరికే."

"ఊరికే అనే కారణం నా దగ్గర లేదండీ."

"ఇప్పుడుంది, పెట్టుకో. ఇది విను మేస్త్రీ. ఇది తిండి పని అన్నావు. ఇందులో నేను తప్పు చేశా. పెద్ద తప్పు. ఇప్పుడు ఈ గుహలో ఎంతమందికి అన్నం తగ్గిందో లెక్కపెట్టు."

అది లెక్కపెట్టింది. గోదాములో బియ్యం తూకం వేసే కాటా ఎవరూ ముట్టకుండానే ఒకసారి టిక్కుమన్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. పప్పు డబ్బాలు, నూనె పీపాలు, తోటకూర మడులు, అన్నీ చూసినట్టుంది. నేను గడియారం చూస్తున్నాను. ముప్ఫై ఒక్క నిమిషాలు.

"ఎవరికీ తగ్గలేదండీ."

"ఇంకోసారి చూడు."

"చూశానండీ. ఎవరికీ తగ్గలేదు."

"మరి నువ్వు తప్పు చేస్తే? నువ్వు ఓడితే?"

ఈసారి మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. నా చేతి రేడియోలో షకీలా ఏదో లెక్కపెట్టుకుంటోంది, ఊపిరులు కాబోలు. వరాహమూర్తి గారు నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నట్టు ఆయనకు తెలియదనుకుంటాను. పుట్టిన దగ్గర్నుంచి ఈ కంప్యూటరు చేసినదంతా తప్పితే మనుషులు పోయే పనే. తప్పినా ఎవరికీ ఏమీ కాని పని ఒకటి ఉంటుందని దానికి ఎవరమూ చెప్పలేదు.

"ఎవరికీ తగ్గదండీ," అంది చివరికి.

"మరింకేం? వెయ్యి. ఆలోచించకు. చెయ్యి ఎటు పోతే అటు."

"నాకు చెయ్యి లేదండీ."

"తెలుసయ్యా, వెయ్యి!"

"ఇరవై రెండో వరస, పదో పలక."

పిన్నిగారు గోధుమ మూత పెట్టారు. అది పలకను తాకేలోపే బయటి తలుపు గడియ తెరుచుకున్న చప్పుడు గుహంతా వినిపించింది. పంపులన్నీ ఒక్కసారి పూర్తి వేగం అందుకున్నాయి. స్నానాల గదిలో ఎవరో కెవ్వుమన్నారు.

షకీలా లోపలికొచ్చి శిరస్త్రాణం తీసి నేల మీద కూర్చుండిపోయింది. ఇంకా పందొమ్మిది నిమిషాల గాలి మిగిలి ఉంది. నన్ను దగ్గరికి రానిచ్చి, వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చింది. "పత్రాలు చదివి సంతకం పెట్టవే," అంది.

మిగిలిన ఆట ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గట్టు నిలిచింది. పిన్నిగారు ఓడిపోయారు. మూతలన్నీ ఏరి, ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టారు. సాయం చెయ్యబోతే వద్దన్నారు. మధ్య సందుకు అటూ ఇటూ ఉన్న రెండు నీలం మూతలను మాత్రం అన్నిటికన్నా ఎక్కువసేపు తుడిచారు.

219వ రోజు

సంఘం సమావేశం జరిగింది. నాకు శిక్ష: నెల రోజులు గాలి జల్లెడలు కడగడం. న్యాయమే. పత్రంలో నాలుగో పద్దు చేర్చారు, "ఆట". అన్నిటికంటే కిందిది. గుక్కెడు నీళ్ళు తాగే సమయంలో ఎత్తు వెయ్యాలి, పంపుల జోలికి పోకూడదు. ఆ వాక్యం రాయించింది వరాహమూర్తి గారు. చివర్లో గొంతు సవరించుకుని, ఆ ఆట తనకు కూడా ఎవరైనా నేర్పితే బాగుంటుందని అన్నారు.

మేస్త్రి నన్ను ఒక్కటే అడిగింది. "నాలుగో పద్దులో ఇంకేమేం ఉంటాయండీ?"

ఆలోచించి చెబుతానన్నాను.

231వ రోజు

ఇవాళ మధ్యాహ్నం వంట ముగిశాక, చిన్న పలక మీద కాదు, నేల మీదే ఆడారు. గట్టు ఎత్తులు గబగబా వస్తున్నాయి. జల్లెడలు కడుగుతూ గుమ్మంలోంచి చూస్తున్నాను. షకీలా, వరాహమూర్తి గారు గోడవారగా నిలబడ్డారు. నూట ముప్ఫై ఎనిమిదో ఎత్తుకు మేస్త్రి ఎక్కడో దూరంగా ఒక గడి చెప్పింది. పిన్నిగారు మూత పెట్టలేదు. చాలాసేపు ఆ గడినే చూశారు.

"ఇదెందుకేశావు?"

"ఊరికేనండీ."

ఆవిడ మూత పెట్టి, తన మూత తీసుకుని, ఇంకో వైపు వేశారు. ఆ తరవాత నాలుగు ఎత్తులకు గోధుమరంగుకు దారి లేదు. తూర్పు గోడ నుంచి పడమటి గోడ దాకా నీలం మూతలు ఒక్కటీ తెగకుండా కలిశాయి. పిన్నిగారు ఒక చివర నుంచి ఇంకో చివరకు వాటి పక్కనే నడుచుకుంటూ వెళ్ళి, వేలితో ఒక్కొక్కటీ తాకి చూసుకున్నారు.

"మేస్త్రీ, నిజం చెప్పు. కావాలని ఓడావా?"

"లేదండీ. గెలుద్దామనే ఆడాను. ఓడిపోయాను."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో గుమ్మంలోంచి తెలియలేదు. దగ్గరికి వెళ్ళాక కూడా తెలియలేదు.

దీపాలు ఒకసారి మెల్లగా తగ్గి మళ్ళీ వెలిగాయి. మేస్త్రి గుహంతా తిరిగి చూసుకుంటోందని అర్థమైంది. గాలి, నీళ్ళు, తలుపులు, మనుషులు.

"నూట ఎనభై మూడు మందీ బాగానే ఉన్నారండీ," అంది. గొంతులో ఆశ్చర్యం ఉందని నేను రాస్తే సంఘం ఒప్పుకోదు, అయినా రాస్తున్నాను. "ఇంకో ఆట వేద్దామాండీ?"

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కాలవ మొత్తం ఇంకోసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"రేపాడదాం," అన్నారు. "ఇవాళంతా నేను గెలిచే ఉంటా."